గుండు మార్చే ముందు గుడ్డను చూడండి: 50 కాలిబర్ మజిల్ లోడర్ గురించి

పెన్సిల్వేనియాలో ఉంటున్న మీ అన్నగారు మూతి నుంచి మందు దట్టించే 50 కాలిబర్ రైఫిల్ కొన్నారనీ, 0.490 అంగుళాల సీసపు గుండుతో 50 గజాల దూరంలో కాల్చినా గుండ్లు జానెడు మేర చెదిరిపోతున్నాయనీ, 0.495 గుండుకు మారితే సరిపోతుందా అనీ కడప నుంచి మీరు అడిగారు. గుండును ఇప్పుడే మార్చవద్దని చెప్పండి. అనంతపురానికి తిరిగి రాకముందు నేను అదే రాష్ట్రంలో ఏడేళ్లు ఉన్నాను, ఈ చిక్కులోనే ఒక వేసవి అంతా పోగొట్టుకున్నాను.

ఈ రైఫిల్‌లో గుండు బారెల్‌ను నేరుగా తాకదు, దాని చుట్టూ నూనె పట్టించిన గుడ్డముక్క ఉంటుంది. బారెల్ లోపల మెలితిరిగిన చాళ్లు, వాటి మధ్య గట్లు ఉంటాయి. గట్ల మధ్య కొలత 0.500 అంగుళాలు కాబట్టి, 0.490 గుండుకు ఒక్కో పక్క మిగిలే సందు 0.005 మాత్రమే. అందులో 0.015 మందం గల గుడ్డ ఎలా పడుతుందంటే, అది గట్టు దగ్గర నలిగి, మెత్తని సీసం మీద తన నేత అచ్చును ఒత్తి, చాలు దగ్గర నిండుగా కూర్చుంటుంది. అలా కూర్చున్నప్పుడే గుడ్డ ఆ చాళ్ల మెలికను పట్టి గుండును తిప్పగలుగుతుంది, వెనుక నుంచి వచ్చే మంటను ముందుకు పోనివ్వదు. అందుకే గుండుకు స్వచ్ఛమైన సీసమే వాడాలి.

కాల్చిన తరువాత ఆ గుడ్డముక్కలు మూతికి ముందు కొన్ని గజాల దూరంలో పడతాయి. కాల్పులు ఆగి, రేంజ్‌లో అనుమతి ఇచ్చాక వాటిని ఏరి చూడాలి. చుట్టూ మసి పట్టి, నడుమ గుండు కూర్చున్న చోటు చిరగకుండా ఉంటే జోడీ కుదిరినట్టే. కాలి రంధ్రాలు పడితే గుడ్డ పలచనిదో, నూనె చాలనిదో అనుకోవాలి. కత్తితో కోసినట్టు గీతలుంటే మూతి అంచో, గట్ల అంచులో పదునుగా ఉన్నాయని అర్థం, దానిని తుపాకుల పనివాడికి చూపించాలి.

నా గుడ్డముక్కలు జల్లెడలా కాలిపోయేవి. ప్యాకెట్ మీద 0.015 అని ఉన్నా, మందం కొలిచే కాలిపర్ పరికరంతో చూస్తే 0.011 వచ్చింది. నేను మాత్రం అప్పటిదాకా గుండ్లనే తప్పుపట్టి మూడు రకాలు కొన్నాను. ఆ ఏడాది మా అమ్మ పంపిన సామానులో పరుపుల అంగడిలో కొన్న చారల గుడ్డ వచ్చింది. వేడినీళ్లలో రెండుసార్లు ఉతికి గంజి పోగొట్టి కొలిస్తే 0.018 ఉంది. మూతి దగ్గర గుండును దిగగొట్టడానికి పొట్టి కర్ర అవసరమైంది కానీ, లోపలికి దిగాక కడ్డీతో ఒకే ఒత్తిడిలో సాఫీగా వెళ్లింది. అవే 0.490 గుండ్లు 50 గజాల వద్ద మూడు అంగుళాల లోపు పడ్డాయి. నూనెగా ఆముదంలో తేనెమైనం కరిగించి వాడాను.

ఒకసారి ఒక్కటే మార్చాలి. తయారీదారు చెప్పిన పరిధిలో మందు కొలతను స్థిరంగా ఉంచి, ఒక్కో గుడ్డతో ఐదేసి గుండ్లు కాల్చి, ప్రతి గుండుకూ మధ్య బారెల్ తుడవాలి. అప్పటికీ కుదరకపోతే 0.495 గుండును 0.010 గుడ్డతో చూడవచ్చు. గుండు మందు మీద ఆనేదాకా దిగిందని తెలియడానికి కడ్డీ మీద గీత పెట్టుకోవాలి, మధ్యలో ఖాళీ మిగిలితే బారెల్ పగిలే ప్రమాదం ఉంది. నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్) గానీ, దానికి బదులుగా తయారీదారు అనుమతించినది గానీ తప్ప, పొగరాని తుపాకిమందు (స్మోక్‌లెస్ పౌడర్) ఎన్నడూ వాడకూడదు.

మీరు ఇక్కడి నుంచి చేయగల సాయం ఒకటుంది. కడపలో ఏ పరుపుల అంగడిలోనైనా దట్టమైన నేత గల గుడ్డ ఒక మీటరు కొనండి. అంగుళంన్నర చదరపు ముక్కలుగా కోస్తే ఐదువందలకు తక్కువ రావు. కొనేముందు ఒక దారం లాగి వెలిగించండి. బూడిద అయితే నూలు, కరిగి గట్టి ఉండ కడితే పాలియెస్టర్. పాలియెస్టర్ బారెల్‌లో కరిగి అంటుకుంటుంది కాబట్టి దానిని పంపవద్దు. మందం మాత్రం ఉతికి ఆరిన తరువాతే కొలవమనండి, గంజి ఉన్నంతసేపూ ఆ అంకె నమ్మదగినది కాదు.