ధ్యానాన్ని 15 నిమిషాల నుంచి గంటకు పెంచుకోవడం ఎలా?

మీరు ఏడాదిగా రోజూ ఉదయం 15 నిమిషాలు శ్వాసను గమనిస్తూ కూర్చుంటున్నారు. ఆదివారం తీరిక ఉంటుందని గంట కూర్చోబోతే 25 నిమిషాలకే కాళ్లు తిమ్మిరెక్కి, విసుగు పుట్టి లేచిపోతున్నారు. ఆ తరువాత రెండు మూడు రోజులు మామూలు 15 నిమిషాలకు కూడా మనసు ఒప్పడం లేదని రాశారు. నేను గురువును కాను. కర్నూలులో ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాసుకునేవాణ్ని, వయసు 53. అయితే మీరు చెప్పిన ఈ చిక్కులోనే రెండుసార్లు పడి, మూడోసారి బయటపడ్డాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

మా ఊళ్లో ధ్యానం మాట ఎత్తితే ఎవరైనా మొదట చెప్పేది "మీ వయసెంతో అన్ని నిమిషాలు కూర్చోండి" అని. ధ్యాన గురువు సుభాష్ పత్రీజీ 1990లో కర్నూలులోనే స్పిరిచ్యువల్ సొసైటీని ప్రారంభించడం, అది పిరమిడ్ ధ్యానంగా ఊరూరికీ వెళ్లడం వల్ల ఈ లెక్క ఇక్కడ టీ అంగడిలో కూడా వినబడుతుంది. నేను మొదటిసారి ధ్యానానికి కూర్చున్నప్పుడు నాకు 47 ఏళ్లు. మొదటి రోజే ఫోనులో 47 నిమిషాలకు అలారం పెట్టుకుని కూర్చున్నాను. పదకొండో రోజుకు ధ్యానమే మానేశాను. లెక్కలో తప్పు లేదు. ఎప్పటికో చేరవలసిన అంకెను మొదటి రోజు అంకెగా నేను తీసుకోవడమే తప్పు.

రెండోసారి విపశ్యన అనే ధ్యాన పద్ధతిని మౌనంగా ఉండి నేర్చుకునే పది రోజుల శిబిరానికి వెళ్లాను. అక్కడ తెల్లవారుజామున నాలుగింటికి గంట మోగుతుంది, రోజుకు దాదాపు పది గంటలు కూర్చోవాలి, నాలుగో రోజు నుంచి రోజుకు మూడు పూటలు గంటసేపు కదలకుండా కూర్చునే నియమం ఉంటుంది. ఆశ్చర్యంగా నేను కూర్చోగలిగాను. ఇంటికి వచ్చాక ఉదయం గంట, సాయంత్రం గంట చేయమన్నారు, దానిని 23 రోజులు లాగాను. అప్పుడు అర్థమైంది ఏమిటంటే, శిబిరంలోని గంటను మోసేది మనం ఒక్కరమే కాదు. హాలులో పక్కన కూర్చున్నవాళ్లు, మౌనం, వండిపెట్టే చేతులు, ఫోను లేకపోవడం, అన్నీ కలిసి మోస్తాయి. ఇంట్లో ఆ బరువంతా ఒక్కడి మీద పడుతుంది. అందువల్ల శిబిరంలో ఎంతసేపు కూర్చున్నామన్నదాన్ని ఇంటికి కొలతగా తెచ్చుకోకూడదు.

మూడోసారి దారి చూపింది, నవ్వకండి, ఎద్దులు. మా నాన్న పత్తికొండ వైపు మెట్టసేద్యం చేసేవారు. కొత్త కోడెను కాడికి అలవాటు చేసేటప్పుడు దాన్ని ముదురు ఎద్దు పక్కన కట్టి, మొదటి రోజు నాలుగు సాళ్లు తిప్పి విడిచేసేవారు. అది ఇంకా నడవగలదని మాకు కనిపిస్తున్నా ఆయన విడిచేవారు. ఎందుకని అడిగితే, అలసి కూలబడ్డాక విడిస్తే "కూలబడితే విడుస్తారు" అని అది నేర్చుకుంటుంది, రేపు మొదటి సాలులోనే కూలబడుతుంది అనేవారు. మీ ఆదివారాలు చేస్తున్నది ఇదే. 25వ నిమిషంలో ఓడిపోయి లేచిన ప్రతిసారీ, సతాయిస్తే సెలవు దొరుకుతుందని మీ మనసు నేర్చుకుంటోంది. సోమవారం 15 నిమిషాలకే సతాయించడానికి కారణం అదే. కాబట్టి నా మొత్తం జవాబు ఒక్క నియమంలో ఉంది: ప్రతి కూర్చోవడమూ అలారం మోగడంతోనే ముగియాలి, మన ఓటమితో ఎన్నడూ ముగియకూడదు. అలా ముగిసేటంత నిడివినే పెట్టుకోవాలి.

ఆ నిడివిని మంచి రోజును చూసి కాక, అతి చెడ్డ రోజును చూసి నిర్ణయించుకోవాలి. దసరా, దీపావళి రోజుల్లో నేను దుకాణం లెక్క ముగించి ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండవుతుంది. అలాంటి రాత్రి పడుకుని లేచిన ఉదయం కూడా నేను తప్పక కూర్చోగలనని నమ్మకం కుదిరిన అంకె 8. శిబిరంలో గంటలు కూర్చుని వచ్చినవాడు 8 నిమిషాలతో మొదలుపెట్టడం సిగ్గుగానే అనిపించింది. మీకు ఆ అంకె 12 కావచ్చు, 15 కావచ్చు. అది మీకే తెలుస్తుంది.

అక్కడి నుంచి రెండు వారాలకు 2 నిమిషాలు పెంచుతూ పోయాను. 8 నుంచి 60 వరకు 26 మెట్లు, మెట్టుకు 14 రోజులు, అంటే 364 రోజులు. కాగితం మీద సరిగ్గా ఏడాది. నాకు పట్టినది 19 నెలలు. రెండు వారాలు గడిచాయి కదా అని గడువును బట్టి పెంచకూడదు. ఆ 14 రోజుల్లో కనీసం పది రోజులు గడియారం వైపు కళ్లు తెరవకుండా చివరిదాకా కూర్చోగలిగితేనే పెంచాలి. లేకపోతే అదే అంకెలో ఇంకో రెండు వారాలు ఉండాలి. 2 నిమిషాలు ఎందుకు, 5 ఎందుకు కాకూడదు అంటే, 2 నిమిషాల తేడాను శరీరం దాదాపు గుర్తుపట్టదు, 5 నిమిషాలను గుర్తుపట్టి లెక్క అడుగుతుంది.

ఇంట్లో గోడకు వేలాడే తెలుగు క్యాలెండరే నా ఖాతా పుస్తకం. తిథి కింద ఖాళీలో ఆ రోజు నిమిషాలు, పక్కన ఒక అక్షరం రాసేవాణ్ని: కాళ్లు బాధపెడితే "కా", నిద్ర వస్తే "ని", ఆలోచనలు ముసిరితే "ఆ", గడియారం చూస్తే "గ". ఇది అల్పంగా కనిపిస్తుంది గాని నన్ను నిలబెట్టింది ఇదే. "నాకు ధ్యానం కుదరడం లేదు" అని బాధపడేవాడికి మందు లేదు. "ఈ నెలలో 30 రోజుల్లో 19 రోజులు కా" అని చూసినవాడికి మందు ఉంది.

ఆ 19 "కా"లు నాకు 24 నిమిషాల దగ్గర వచ్చాయి. 24 నిమిషాలంటే పూర్వపు లెక్కలో ఒక ఘడియ, నేను ఆ ఘడియ గడప మీదే ఏడు వారాలు ఆగిపోయాను. కారణం మనసు కాదు, నాపరాయి. మా ఇంటి నేల బేతంచెర్ల బండలది. దాని మీద పలుచని చాప వేసుకుని కూర్చుంటే చీలమండలు బండకు ఆనుకునేవి, మోకాళ్లు నడుముకంటే పైకి లేచేవి, దాంతో వెన్ను వెనక్కి వంగిపోయేది. అనంతపురం వైపు కురుబలు నేసే ఉన్ని కంబళి ఒకటి ఇంట్లో ఉంటే దాన్ని నాలుగు మడతలు పెట్టి చాప మీద పరిచాను, పిరుదుల కిందికి మాత్రం ఒక గట్టి దిండు ఎత్తుగా పెట్టాను. పిరుదులు మోకాళ్లకంటే నాలుగు వేళ్ల ఎత్తులో ఉంటే నడుము దానంతట అదే నిలబడుతుంది, తొడ వెనుక నరం మీద ఒత్తిడి తగ్గుతుంది. తిమ్మిరికి ముఖ్య కారణం ఆ ఒత్తిడే. తరువాతి పదిహేను రోజుల్లో "కా" నాలుగుసార్లే వచ్చింది. పద్మాసనం అవసరం లేదు. కుర్చీలో కూర్చున్నా తప్పు లేదు, పాదాలు నేలకు ఆని, వెన్ను కుర్చీకి చేరబడకుండా ఉంటే చాలు. మోకాలి లోపల పొడిచినట్టు నొప్పి వస్తే మాత్రం ఓర్పు చూపించకండి, భంగిమ మార్చండి.

తిమ్మిరి గురించి ఇంకొక్క మాట. 30 నిమిషాలు పూర్తి చేసిన తొలి రోజు ఆనందంలో, ఎడమ పాదానికి స్పర్శ లేదన్న సంగతి మరిచి చటుక్కున లేచాను. చీలమండ మెలితిరిగి మూడు వారాలు కుంటుతూ నడిచాను. అలారం మోగాక కాళ్లు చాపి, స్పర్శ వచ్చేదాకా కూర్చుని అప్పుడు లేవండి.

"ని" సంగతి చిన్నది. రాత్రి సంగటి తిన్నాక కూర్చునేవాణ్ని, అది ధ్యానం కాదు, కూర్చుని నిద్రపోవడం. ఉదయం కాఫీకి ముందుకు మార్చాను, అంతటితో సరి. ఎండాకాలంలో మా ఊళ్లో ఎండ 40 డిగ్రీలు దాటి, ఆరున్నరకే గది ఉక్కపోస్తుంది, కరెంటు పోతే చెప్పనక్కరలేదు. అందుకని ఏప్రిల్, మే నెలల్లో నాలుగూ ముప్పావుకే కూర్చుంటాను. మొదటి ఏడాది ఆ రెండు నెలలూ అంకెను 36 నుంచి 28కి దించాను. దించడం ఓటమి అనుకోలేదు, ఎందుకంటే ఆ 28 కూడా అలారంతోనే ముగిసింది.

సెలవు పడినప్పుడూ ఇదే పద్ధతి. పెళ్లి పనుల్లో వారం పోతే, ఆగిన చోట నుంచి కాక, అందులో మూడింట రెండు వంతుల నుంచి మొదలుపెట్టి, 2 నిమిషాలు రెండు రోజులకొకసారి పెంచుకుంటూ పాత చోటికి వస్తాను. ఒకసారి అలవాటైన నిడివి త్వరగా తిరిగి వస్తుంది.

కాళ్లు సర్దుకున్నాక అసలు విషయం మొదలవుతుంది. నా అనుభవంలో మొదటి పది నిమిషాలు ఊరికే కుదురుకోవడానికే పోతాయి. మీరు 15 నిమిషాల్లో చూస్తున్నది చాలావరకు ఆ కుదురుకోవడమే. ఆ పది నిమిషాలు నేను ఊపిరులను ఒకటి నుంచి పది వరకు లెక్కపెట్టి మళ్లీ ఒకటికి వస్తాను, తరువాత లెక్క వదిలేసి ముక్కు దగ్గర గాలి తాకే చోటును మాత్రమే గమనిస్తాను. 30 దాటాక ఒక దశలో కారణం లేకుండా లేవాలనిపిస్తుంది. కాలు బాగానే ఉంటుంది, నిద్ర ఉండదు, ఊరికే లేవాలనిపిస్తుంది. అప్పుడు ఆ కోరిక ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో చూడండి; నాకు ఛాతీలో, దవడలో తెలిసేది. రెండు మూడు నిమిషాల్లో అది పెరిగి, తరువాత దానంతట అదే తగ్గుతుంది. అది తగ్గడం పది పదిహేనుసార్లు కళ్లారా చూశాక, వచ్చినప్పుడు భయం ఉండదు. 25 నిమిషాలకే లేచిపోయేవారికి ఈ తగ్గడం కనిపించే అవకాశమే లేదు.

40 దాటిన రోజుల్లో నాకు ఇంకొకటి జరిగింది. పోయిన మా అమ్మ ఆసుపత్రిలో గడిపిన చివరి రోజులు వరుసగా కళ్ల ముందుకు రావడం మొదలై, రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. పట్టుదలకు పోకుండా పది రోజులు 30కి దిగి, మా చెల్లెలితో ఆ విషయాలన్నీ మాట్లాడాను. అలాంటివి వచ్చి నిద్ర, తిండి చెడితే నిడివిని తగ్గించండి. మానసిక వైద్యం జరుగుతున్నవారైతే పెంచే ముందే తమ డాక్టరును అడగడం మంచిది.

పెద్దలు చెప్పినదాన్ని నేను చాలా కాలం తప్పుగా చదివాను. పతంజలి యోగసూత్రాల్లో మొదటి పాదం 14వ సూత్రం, అభ్యాసం దీర్ఘకాలం, ఎడతెగకుండా, ఆదరంతో చేస్తే గట్టిపడుతుందని చెబుతుంది. అందులోని దీర్ఘకాలం అంటే ఒక్క పూటలో ఎక్కువసేపు కూర్చోవడం అనుకున్నాను. అది రోజుల లెక్క, ఏళ్ల లెక్క. ఎడతెగకుండా అన్నది దాని పక్కనే ఉంది. గీత ఆరో అధ్యాయం 25వ శ్లోకమైతే "శనైః శనైః" అనే మొదలవుతుంది, మెల్లమెల్లగా అని రెండుసార్లు. నా మొదటి రెండు ప్రయత్నాల్లో అటు ఎడతెగకపోవడమూ లేదు, ఇటు మెల్లదనమూ లేదు.

50 ఏళ్లు నిండిన నెలలో నేను 46 నిమిషాల దగ్గర ఉన్నాను, అంటే మా ఊరి లెక్క ప్రకారం వయసుకు 4 నిమిషాలు బాకీ. తరువాతి నెలలో 48కి చేరాను, అది రెండు ఘడియలు, ఒక ముహూర్తం. నిజానికి చాలామందికి అక్కడ ఆగితే చాలునని నా అభిప్రాయం. 48కీ 60కీ నాకు కనిపించిన తేడా, 8కీ 24కీ కనిపించిన తేడాలో పావు వంతు కూడా లేదు. 60కి వెళ్లింది కొంత మొండితనంతోనే.

ఉదయం అరగంట, సాయంత్రం అరగంట చేస్తే గంటతో సమానం కాదా అని కూడా మీరు అడిగారు. పగలంతా మనసు నెమ్మదిగా ఉండటమే మీకు కావలసిందైతే రెండు అరగంటలే మేలు, ఇంట్లోవాళ్లకూ ఇబ్బంది ఉండదు. పైన చెప్పిన ఆ లేవాలనిపించడం తగ్గేదాకా చూడాలనుకుంటే మాత్రం ఒకే కూర్చోవడం 40 దాటాలి. ఏది ఎంచుకున్నా ఈ ఆదివారం గంట ప్రయత్నాన్ని మానుకోండి. రెండు వారాలు 15 దగ్గరే ఉండి క్యాలెండర్‌లో అక్షరాలు వేయండి. "గ"లు నాలుగు మించకపోతే అలారాన్ని 17కి మార్చండి.