జపాన్‌లో చిన్న ఇళ్లవాళ్లు నేల మీద ఫుతోన్ అనే దూది పరుపు వేసుకుని ఎలా సర్దుకుంటారు?

కిటుకంతా పొద్దున లేవగానే దాన్ని తీసేయడంలోనే ఉంది. కింద పరిచే షికిబుతోన్‌ని మూడు మడతలు పెట్టి, పైన కప్పుకునే కాకేబుతోన్‌తో కలిపి ఒషీరే అనే గోడ అలమరలో పెట్టేస్తారు. ఆరు తతామి గడ్డి చాపలు పట్టే గదంటే సుమారు 10 చదరపు మీటర్లే. రాత్రి పడుకున్న చోటే పగలు భోజనాల బల్ల వేస్తారు.

జాగ్రత్త పడాల్సింది చెమ్మతో. ఒంటి చెమట దూదిలోకి దిగి, చల్లటి నేల దగ్గర ఆగిపోతుంది. తతామి గడ్డి కొంత పీల్చుకుంటుంది గానీ చెక్క ఫ్లోరింగ్ పీల్చుకోదు. రోజుల తరబడి అలాగే వదిలేస్తే అడుగున బూజు పడుతుంది. అందుకే ఎండ కాసిన రోజు బాల్కనీ రెయిలింగ్ మీద వేసి, పెద్ద క్లిప్పులు పెట్టి ఆరబెడతారు. చెక్క నేలైతే కింద సునోకో అనే పలకల చట్రం వేయడం నా దృష్టిలో తప్పనిసరి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి మాత్రం మంచమే మేలు.