టెక్ సందేహాలు: చోక్ తీయగానే గడ్డి మిషన్ ఆగిపోతోందా?

ప్రశ్న: అనంతపురం దగ్గర ఒక పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. మైదానంలో గడ్డి కోసే పెట్రోలు మిషన్‌ను సంక్రాంతికి ముందు వాడి స్టోరు గదిలో పెట్టాం. వానలు పడి గడ్డి లేచాక బయటికి తీశాం. చోక్ వేస్తే స్టార్ట్ అవుతోంది, తీయగానే నాలుగు క్షణాల్లో ఆగిపోతోంది. చోక్ సగానికి ఉంచితే నడుస్తుంది గానీ శబ్దం ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. కార్బొరేటర్ మొత్తం మార్చాలని మెకానిక్ అంటున్నాడు. తప్పదా సార్?

జవాబు: అప్పుడే డబ్బు పెట్టకండి మాస్టారూ. జబ్బేమిటో మీ ఉత్తరంలోనే ఉంది.

చోక్ అంటే, పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే కార్బొరేటర్‌లో గాలి వచ్చే దారికి అడ్డంగా ఉండే చిన్న రేకు. అది మూసుకుంటే లోపలికి గాలి తగ్గి, ఇంజను పీల్పు అంతా పెట్రోలు వచ్చే సన్న రంధ్రం, అంటే జెట్టు మీద పడి పెట్రోలు ఎక్కువ వస్తుంది. చల్లగా ఉన్న ఇంజనులో పెట్రోలు సరిగా ఆవిరి కాదు కాబట్టి స్టార్టింగుకు ఆ అదనం కావాలి. వేడెక్కాక అక్కర్లేదు. వేడెక్కాక కూడా చోక్ లేనిదే నడవనంటోందంటే జెట్టు గుండా రావాల్సినంత పెట్రోలు రావడం లేదన్నమాట. లేదా ఏదో సందులోంచి అదనపు గాలి చొరబడుతోంది. చోక్ ఆ లోటును కప్పిపెడుతోంది, అంతే. శబ్దం ఎక్కి దిగడమూ అందుకే. పెట్రోలు చాలక స్పీడు పడిపోతే, స్పీడును నిలకడగా ఉంచే గవర్నర్ అనే భాగం ఇంజనులోకి మిశ్రమం వెళ్లే తలుపును (థ్రాటిల్) తెరుస్తుంది. స్పీడు పెరగగానే మూస్తుంది. మళ్లీ పడిపోతుంది.

మన జిల్లాలో ఈ ఫిర్యాదు ఇంత మామూలు కావడానికి కారణముంది. వాన తక్కువ సీమ మనది. గడ్డి మిషన్‌కు ఏడాదిలో నాలుగైదు నెలలే పని. మిగతా కాలమంతా, ముఖ్యంగా ఏప్రిల్, మే ఎండల్లో, రేకుల గదిలో ఉడుకుతుంది. కార్బొరేటర్ అడుగున ఫ్లోట్ గిన్నెలో నిలిచిన కాస్త పెట్రోల్లో తేలికైన భాగం ఎగిరిపోయి, మిగిలింది తేనె రంగు జిగురవుతుంది. పైగా ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాల్లో తేమను పీలుస్తుంది. సూది మొనంత జెట్టు రంధ్రం పూడుకుపోవడానికి ఆ జిగురు చుక్క చాలు.

పని మొదలుపెట్టే ముందు స్పార్క్ ప్లగ్గు (ఇంజనులో నిప్పురవ్వ పుట్టించేది) మీది క్యాప్ లాగేయండి. బ్లేడు ఉన్న యంత్రం కదా, పొరపాటున తిరిగితే వేళ్లు పోతాయి. ఇంజను చల్లారాక, ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయండి. మిషన్‌ను వంచాల్సి వస్తే ఎయిర్ ఫిల్టర్ పైకి ఉండేలా వంచండి. లేకపోతే ఇంజన్ ఆయిల్ ఫిల్టర్లోకి దిగుతుంది.

ముందు ట్యాంకులోని పాత పెట్రోలు తీసేసి తాజాది పోయండి. తర్వాత ప్లగ్గు క్యాప్ తగిలించి, ట్యాంకు మూత కాస్త వదులు చేసి నడిపి చూడండి. అప్పుడు బాగా నడిచి, మూత బిగిస్తే మళ్లీ ఆగిపోతుంటే మూతలోని గాలి రంధ్రం దుమ్ముతో పూడిందని అర్థం. దాన్ని శుభ్రం చేస్తే పని అయిపోయినట్టే. మూత వదులు చేసినా ఆగిపోతుంటే మళ్లీ ప్లగ్గు క్యాప్ తీసి, పెట్రోల్ కాక్ (ట్యాంకు కింది కుళాయి) మూసి, గిన్నె అడుగు బోల్టు విప్పండి. కొన్ని ఇంజన్లలో జెట్టు రంధ్రం ఆ బోల్టులోనే ఉంటుంది. కొన్నిటిలో గిన్నె తీశాక మధ్య గొట్టంలో ఇత్తడి స్క్రూలా కనిపిస్తుంది. కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. రంధ్రంలోంచి గుండ్రంగా వెలుగు కనిపించాలి. పిన్నీసుతో మాత్రం పొడవకండి. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే జీవితాంతం పెట్రోలు ఎక్కువ తాగుతుంది. పూడిక తీయడానికి కరెంటు వైరులోని ఒక్క రాగి పోగు చాలు. తిరిగి బిగించేటప్పుడు కార్బొరేటర్‌కూ ఇంజనుకూ మధ్య సందు మూసే గాస్కెట్ చిరిగిందేమో చూడండి, గాలి చొరబడేది అక్కడే. ఇవన్నీ చేశాక కూడా మారకపోతే అప్పుడు కొత్త కార్బొరేటర్ కొనండి.

వచ్చే సంక్రాంతికి మిషన్ లోపల పెట్టేముందు ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతటదే ఆగేదాకా నడిపి, గిన్నెలో మిగిలిన చుక్కలు కూడా దించేయండి.

ప్రశ్న: కడప జిల్లా, చీనీ తోట. కలుపు కోసే టూ స్ట్రోక్ బ్రష్ కట్టర్‌కు చోక్ వేసి ఇరవైసార్లు తాడు లాగినా అందుకోవడం లేదు. ప్లగ్గు తీస్తే తడిసి ఉంటోంది.

జవాబు: మీది మాస్టారి సమస్యకు పూర్తిగా తలకిందులు అన్నా. అక్కడ పెట్రోలు అందడం లేదు, ఇక్కడ ముంచెత్తుతోంది. చోక్ వేసి లాగేటప్పుడు ఒక్కసారి ‘టప్’ మన్నా చాలు, వెంటనే చోక్ తీసి లాగాలి. ఆ శబ్దం పట్టించుకోకుండా లాగుతూ పోతే ప్లగ్గు మునుగుతుంది. ఇప్పుడు స్విచ్ ఆఫ్ చేసి, ప్లగ్గు తీసి తుడిచి ఆరబెట్టండి. చోక్ తీసి, యాక్సిలేటర్ పూర్తిగా నొక్కి, ప్లగ్గు రంధ్రం ముఖానికి దూరంగా ఉంచి నాలుగైదుసార్లు తాడు లాగితే లోపలి పెట్రోలు బయటికి పోతుంది. ఎయిర్ ఫిల్టర్ స్పాంజి అయితే సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. దుమ్ము పేరుకున్న ఫిల్టర్ కూడా చోక్ వేసినట్టే పనిచేస్తుంది.

పెట్రోల్లో కలిపే ఆయిల్ అందాజుగా పోయకండి. పుస్తకంలో 25:1 (25 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిల్) అని ఉంటే లీటరు పెట్రోలుకు 40 మి.లీ., 50:1 అంటే 20 మి.లీ. తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, ఆ ఖర్చు తట్టుకోలేం.

ప్రశ్న: కర్నూలు నుంచి. మా కొత్త గడ్డి మిషన్‌కు చోక్ లివరే లేదు. రబ్బరు బటన్ ఒకటుంది.

జవాబు: అది ప్రైమర్. నొక్కితే కొంచెం పెట్రోలు ముందే కార్బొరేటర్ గొంతులోకి వెళ్తుంది. చోక్ చేసే పనే వేరే దారిలో. చల్లటి ఇంజనుకు మాన్యువల్లో చెప్పినన్నిసార్లే, సాధారణంగా మూడు, నొక్కండి. నొక్కినా బటన్ మెత్తగా, ఖాళీగా తగిలితే రబ్బరు పగిలిందేమో చూడండి. అది విడిగా దొరుకుతుంది.