నోటి కౌలూ కౌలే. ఇన్నాళ్లూ ఊరుకోవడమే మీ తప్పు

ప్రశ్న: మాది ఘట్‌కేసర్ వైపు మూసీ ఒడ్డు. పన్నెండేళ్లుగా ఎకరం 20 గుంటలు కౌలుకు తీసుకుని గడ్డి పెంచి సిటీలో తబేలాలకు (పాడి పశువుల కొట్టాలకు) వేస్తున్నాను. నాలుగు బర్రెలున్నాయి. కౌలు నోటిమాటే. నది ప్రక్షాళన పనుల కోసం ఆ భూమి సేకరించారు. సంక్రాంతికి ముందు పరిహారం తేలుస్తూ కలెక్టర్ అవార్డు అయి, పట్టాదారుకు పైసలొచ్చాయి. ఆయన పండక్కి కొత్త కారు కొన్నాడు. నాకు నోటీసు రాలేదు, సర్వే రోజు నేను ఊళ్లో లేను. మా తాత ఈ నది నీళ్లు తాగేవాడట. నది బాగుపడొద్దని నేననను, కానీ మా బతుకేం కావాలి? పట్టాదారు కొడుకు యాభై వేలిస్తా, అభ్యంతరం లేదని సంతకం పెట్టమంటున్నాడు. పాత తేదీతో కౌలు కాగితం పుట్టిస్తానని ఒకాయన అంటున్నాడు. సివిల్ కోర్టులో స్టే తెచ్చుకోవచ్చా?

జవాబు: మీ ఉత్తరం ఆరు పేజీలు. 1908 వరద ఉంది, ఉస్మాన్‌సాగర్ కట్టిన కథ ఉంది, తాతగారు తాగిన నీళ్లున్నాయి. లేనిది ఒక్కటే, అవార్డు తేదీ. సంక్రాంతికి ముందంటే డిసెంబరు 28నా, జనవరి 10నా? బోనాలు మొదలవుతున్న వేళ అడుగుతున్నారు కాబట్టి ఆ పదమూడు రోజుల తేడాలోనే మీ కేసు ఉండొచ్చు.

2013 భూసేకరణ చట్టం సెక్షన్ 64 కింద పరిహారం ఎవరికి చెందాలి, ఎలా పంచాలి, పునరావాసం ఎవరికి దక్కాలి అన్న వివాదాన్ని, ఇలాంటి తగాదాలు తేల్చే అథారిటీకి పంపమని కలెక్టర్‌ను అడగొచ్చు. అవార్డు ఇచ్చేటప్పుడు ఎదురుగా ఉన్నవాళ్లకు ఆరు వారాల గడువు. మీలా నోటీసు అందనివాళ్లకు అవార్డు నుంచి ఆరు నెలలు. అవార్డు సంగతి తెలిసిన రోజు నుంచే గడువు లెక్కించాలని సుప్రీంకోర్టు 1961లోనే పాత చట్టం కింద చెప్పింది. ఆ వాదన మీకు పెద్దగా అక్కరకు రాదు. పట్టాదారు పండక్కి కారు కొన్నాడని మీరే రాశారు, అంటే అప్పుడే తెలుసు. తెలిసీ ఆర్నెల్లు కూర్చున్నారు.

గడువు దాటినా, తగిన కారణం చూపితే మరో ఏడాది లోపు దరఖాస్తు తీసుకునే అధికారం కలెక్టర్‌కు ఉంది. అది ఆయన విచక్షణ. దాన్ని నమ్ముకుని ఇంకో నెల కూర్చోకండి.

స్టే మాట మరచిపోండి. భూసేకరణ వివాదాల్లో సివిల్ కోర్టు తల దూర్చకూడదని సెక్షన్ 63 చెబుతోంది. ఉన్నది హైకోర్టు రిట్. అయినా మీ పోరాటం నదిని ఆపడానికి కాదు, మీ వాటా కోసం. మురుగునీరు ఆగితే గడ్డి ఎండిపోతుందని పేజీన్నర రాశారు. అది నిజమే కావచ్చు, కానీ దాన్ని దరఖాస్తుకు ఆధారం చేసుకోకండి. నదిలోకి మురుగు వదలడాన్నే 1974 నీటి కాలుష్య నివారణ చట్టం తప్పంటుంటే, ఆ మురుగు వస్తూ ఉండాలనే హక్కు మీకెక్కడిది?

మీ కేసు తేలేది ఒక్క నిర్వచనం మీద. సొంత భూమి లేకపోయినా, సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడ కౌలుకు చేస్తూ, ప్రధాన జీవనాధారం దెబ్బతిన్న కుటుంబం 'బాధిత కుటుంబమే'. చట్టంలో 'ఏ రూపంలోని కౌలైనా' అని ఉంది. నోటి కౌలు కూడా అందులోకి వస్తుంది. మీకు కావలసింది పన్నెండేళ్ల చరిత్ర కాదు, నోటిఫికేషన్‌కు ముందటి మూడేళ్ల రుజువు. మీ కొడుకు క్యాబ్ నడుపుతాడు కాబట్టి జీవనాధారం పోలేదంటారేమోనన్న భయం వద్దు. మేజరైన కొడుకుది వేరే కుటుంబం కిందే లెక్క.

ఇందుకే ఆ పాత తేదీ కాగితం జోలికి పోవద్దంటున్నాను. స్టాంపు పేపరు వెనక వరుస నంబరు, అమ్మిన తేదీ, కొన్నవాడి పేరు ఉంటాయి. అవే వెండర్ రిజిస్టర్లోనూ ఉంటాయి. పట్టాదారు 'ఈ సంతకం నాది కాదు' అన్న మరుక్షణం మీరు బాధితుడు కారు, భారతీయ న్యాయ సంహిత కింద ఫోర్జరీ ముద్దాయి. మీ దగ్గరున్న నిజమైన రుజువులనూ ఆ తర్వాత ఎవరూ నమ్మరు. చట్టం అడగని కాగితం కోసం జైలుకెళ్తారా?

నిజమైన రుజువులు మీ ఫోన్లోనే ఉన్నాయి. కౌలు పైసలు పట్టాదారుకు ఫోన్‌పేలో వేశానని ఎక్కడో మూలన ఒక ముక్క రాశారు. మొదటి పేజీలో మొదటి వాక్యం అది కావలసింది! బ్యాంకుకెళ్లి మూడేళ్ల స్టేట్‌మెంట్ తీసుకోండి. గడ్డికి తబేలావాళ్లు వేసిన పైసలూ అందులోనే దొరుకుతాయి. పొలంలో తీసిన ఫొటోలు ఇవ్వాలంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. 2020కి ముందు పహాణీల్లో (ఏటా రాసే సాగు రికార్డుల్లో) అనుభవదారు కాలమ్‌లో మీ పేరుంటే నకళ్లు తీయించండి. భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చాక ఆ కాలమ్ పోయింది, కాబట్టి ధరణి ఉన్న ఏళ్లకు రికార్డులో వెతకడం దండగ. పక్క రైతుల అఫిడవిట్లు పెట్టండి, కానీ వాటి మీదే ఆధారపడకండి. నది వైపు హద్దురాయి దాటి ఇంకో 20 గుంటల్లోనూ గడ్డి వేశానన్నారు. దాన్ని పట్టా భూమిలో కలిపి చూపకండి, నక్షా వేస్తే దొరికిపోతారు.

పట్టాదారు కొడుకు కాగితం మీద సంతకం పెట్టకండి. భూసేకరణ చట్టం రెండో షెడ్యూల్లో బాధిత కుటుంబానికి ఉద్యోగం, లేదా ఒకేసారి 5 లక్షలు, లేదా 20 ఏళ్లపాటు నెలకు కనీసం 2 వేలు అన్న ఎంపిక ఉంది. పశువులున్నవాళ్లకు కొట్టానికి కనీసం 25 వేలు వేరే. భూమి మీదున్న పంటకు ఇచ్చిన సొమ్ము సాగు చేసినవాడిది, అందులో మీ వాటా అడగండి. ఒక మెలిక ఉంది: సేకరణ రాష్ట్ర సవరణ కింద పట్టాదారుతో ఒప్పందం మీద జరిగి ఉంటే పునరావాసం లెక్క మారుతుంది. అవార్డు ప్రతి చూడకుండా మొత్తం మీదేనని నేను చెప్పను.

ఆ ప్రతి కోసం నకలు దరఖాస్తు పెట్టండి, కానీ అది వచ్చేదాకా ఆగకండి. సోమవారమే కలెక్టరేట్‌కు వెళ్లి సెక్షన్ 64 దరఖాస్తు ఇవ్వండి. సర్వే నంబరు, విస్తీర్ణం, నోటీసు రాలేదన్న మాట, పంట వాటా, పునరావాసం, ఆలస్యానికి కారణం, ఇవన్నీ ఒక పేజీలో రాయండి. తాతగారిని ఇంట్లోనే ఉంచండి. ఇన్‌వర్డ్ నంబరు, ముద్ర ఉన్న రశీదు తీసుకోకుండా కౌంటర్ వదలొద్దు. కలెక్టర్ దాన్ని 30 రోజుల్లో అథారిటీకి పంపాలి, పంపకపోతే మీరే అథారిటీని అడగొచ్చు. వకీలు ఫీజు కష్టమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి. బ్యాంకు పని మాత్రం అంతకంటే ముందే, శనివారం చూసుకోండి. ఆ రోజు రెండో శనివారమో నాలుగో శనివారమో అయితే శుక్రవారమే వెళ్లండి.