బహుమతి వచ్చేలా దిద్దమన్నావు

బిడ్డా, ఆశీస్సులు.

నీ కథ, దానితోపాటు పెట్టిన ఉత్తరం అందాయి. "మా కాలేజీలో విద్యార్థులకూ పూర్వ విద్యార్థులకూ కలిపి కథల పోటీ పెట్టారు సార్, బహుమతి వచ్చేలా దిద్దండి" అన్నావు. ఆ మాట చూసి ఒళ్లు మండి కథను పక్కన పడేశాను. కొన్నాళ్లు ముట్టుకోలేదు.

తర్వాత చదివితే మూడో పేజీ దగ్గర ఆగిపోయాను. సిరిసిల్లలో బీడీలు చేసే ఆ తల్లి, అంటే మీ అమ్మే, కార్ఖానాకు పోతుంది. ఆకు తక్కువ తూచి ఇస్తారు, వెయ్యి బీడీలు మాత్రం నిండాలి. తక్కువ పడ్డ ఆకు ఆమే బయట కొనుక్కోవాలి. బాగాలేవని తీసేసిన కట్టల్ని లెక్క చూసేవాడు ఆమె ముందే విరిచి పారేస్తాడు. ఆమె ఏడవదు, శాపనార్థాలు పెట్టదు. వంగి, విరిగిన బీడీల్లోంచి పొగాకు దులిపి కొంగున కట్టుకుంటుంది. అంతా కలిపి అర పేజీ లేదు. బాగుంది.

ఆ తర్వాత ఏమైంది నీకు? చివరి రెండు పేజీల్లో కూతురికి గోల్డ్ మెడల్, అదే రోజు తల్లి చావు, శవం మెడలో మెడల్, ఆపైన అమ్మల త్యాగం మీద ఒక పేరా ఉపన్యాసం. పొగాకు దులుపుకున్న మనిషి ఎటు పోయింది? ఆమెను చంపింది టీబీ అని రాశావు. నాకు మాత్రం జడ్జిగారి మీదే అనుమానం. ఆయన కళ్లు తడవాలని నువ్వు ఆమెను చంపావు.

ఆ జడ్జి కుర్చీలో నేనూ చాలాసార్లు కూర్చున్నాను. పేర్లు తీసేసి నంబర్లు వేసిన కథల కట్ట ఒకటి ఇంటికి వస్తుంది. దాంతోపాటు మార్కుల కాగితం: భాషకు ఇన్ని, శైలికి ఇన్ని, సందేశానికి ఇన్ని. ఆ సందేశం గడిని కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ తెలుగు కథకు ఆయన చేసిన అపకారం ఇంతా అంతా కాదు. నేను ఆ గడిలో అందరికీ ఒకే మార్కు వేసి పంపేవాణ్ణి. ఒక కాలేజీవాళ్లు మళ్లీ పిలవలేదు, పీడ పోయింది. పూర్వ విద్యార్థుల కథలైతే మరీ ఘోరం. క్యాంటీన్ సమోసా, చెట్టు కింద సిమెంటు బెంచీ, ఫేర్‌వెల్ రోజు చెప్పలేకపోయిన ప్రేమ. ఏళ్లకేళ్లు బ్యాంకుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లు, ఆ పని గురించి ఒక్క ముక్క రాయరు!

జడ్జికి ఏం కావాలో ఎవరికీ తెలియదు, ఒక్కోసారి జడ్జికే తెలియదు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, అదే ఆంధ్రా యూనివర్సిటీ, పెట్టిన నవలల పోటీ సంగతి మీ తెలుగు మేడం చెప్పే ఉంటుంది. విశ్వనాథ 'వేయిపడగలు', అడివి బాపిరాజు 'నారాయణరావు', రెండింటికీ కలిపి బహుమతి పంచారు. ఆయన తోవ వేరు, ఈయన తోవ వేరు. ఆ ఏడు జడ్జిని మెప్పించాలనుకున్నవాడు ఎవరిని చూసి రాయాలి? పోటీ వల్ల ఒరిగింది గడువు. విశ్వనాథ అంత పెద్ద నవలను 29 రోజుల్లో తమ్ముడికి చెప్పి రాయించారంటారు. గడువు లేకపోతే ఎప్పటికయ్యేదో! పాలగుమ్మి పద్మరాజు కాలేజీలో సైన్సు చెప్పిన మనిషి. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో ఆయన 'గాలివాన'కు రెండో బహుమతి వచ్చింది. ఒక రైలు, ఒక స్టేషను, నియమాలు పెట్టుకు బతికే పెద్దమనిషి, ఒక బిచ్చగత్తె. న్యూయార్కు వాళ్ల కోసమని అందులో ఏం కలిపారో వెతికి చూడు, నాకైతే కనబడలేదు. ఇంజనీరింగ్ చదువుతూ కథలు రాయొచ్చా అని అడిగావు కదా, దానికి ఈ సైన్సు సారే జవాబు అనుకో.

ఇంకొకటి. సిరిసిల్ల అమ్మ "విధి మనతో వింత నాటకం ఆడుతోంది తల్లీ" అంటుందా? టీవీ సీరియల్లో అంటుంది. నేను కరీంనగర్‌లో కూర్చుని చేత్తో రాసి, తిరుగు స్టాంపులు పెట్టి ఒక వారపత్రిక దీపావళి పోటీకి కథ పంపాను. బహుమతి రాలేదు, సాధారణ ప్రచురణకు తీసుకున్నారు. పత్రిక కొనుక్కుని చూస్తే మా నాయనమ్మ "ఏంది కొడుకా, గిట్ల జేస్తివి" అన్నది కాస్తా "ఏమిటి నాయనా, ఇలా చేశావు" అయి కూర్చుంది. ఇదేంటని రాస్తే, పాఠకులకు అర్థం కావాలి కదా అని ఒక కార్డు. పారితోషికం ఊసే లేదు. ఆ ఎడిటర్ మీద కోపం నాకు ఇప్పటికీ పోలేదు, పోనివ్వను కూడా. ఇప్పుడు గాలి మారింది. యాస ఉంటే చాలు, కథ లేకపోయినా వేస్తున్నారు. అదో పిచ్చి. కానీ నీ సంగతేంటి? ఏ ఎడిటరూ అడగకముందే మీ అమ్మ మాటను నీ చేత్తో నువ్వే కొట్టేశావు. ఆదివారం ఇంటికి ఫోన్ చేసి, ఆ కట్టలు విరిచిన రోజు ఏమన్నదో అడుగు. ఏమన్నదో అదే రాయి. ఏమీ అనలేదంటే ఏమీ రాయకు.

కలం పేరు గురించి కూడా అడిగావు, అది తర్వాత చూద్దాం.

ఇప్పుడు చేయాల్సింది: మెడల్, చావు, ఉపన్యాసం, మూడూ తీసెయ్. పొగాకు మూట కట్టుకుని ఆమె ఇంటికొచ్చి, తెల్లారి కోసం ఆకు నానబెడుతుందా, పక్కింట్లో అప్పు అడుగుతుందా, అది రాయి. రెండు పేజీలు తగ్గితే తగ్గనీ. వాళ్లు పెట్టిన పదాల లెక్క గరిష్ఠమే గానీ కనిష్ఠం కాదు. కాగితం మీద అచ్చు తీసి, పైకి చదువుకుని దిద్దు. పంపేది యూనికోడ్‌లో పంపు, డీటీపీవాళ్లు వాడే అను ఫాంటులో పంపితే అవతలివాళ్ల కంప్యూటర్‌లో పిచ్చి గీతలు వస్తాయి. హామీపత్రంలో "ఈ కథ ఎక్కడా ప్రచురితం కాలేదు, సోషల్ మీడియాలోనూ పెట్టలేదు" అని ఉంది. నువ్వేమో మొదటి పేజీ ఇన్‌స్టాలో పెట్టానని నాకు రాశావు. సంతకం చేసేముందు ఆ విషయం నిర్వాహకులకు మెయిల్ చేసి అడుగు. వద్దంటే ఈ ఏడు ఇంకో కథ పంపు, ఇది నాకు పంపు.

మీ సార్