లద్దాఖ్ సరస్సులకు కారులో ఇద్దరే: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: జూన్ ఆఖరులో నేనూ మా ఆవిడా సొంత కారులో లద్దాఖ్ వెళ్లాలనుకుంటున్నాం. మనాలి మీదుగా లేహ్ చేరి, పాంగాంగ్, సో మోరిరి చూసి శ్రీనగర్ మీదుగా తిరిగి రావాలని ఆలోచన. సెలవు 17 రోజులే. కుదురుతుందా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: మీ దారి మంచిదే. దాన్ని తిరగేయండి. శ్రీనగర్ మీదుగా ఎక్కి మనాలి మీదుగా దిగండి.

ఎందుకంటే కొండల్లో ఒంటికి పరీక్ష పెట్టేది పగలు దాటిన కనుమ ఎత్తు కంటే రాత్రి పడుకున్న చోటి ఎత్తు. మనాలి 2,050 మీటర్లు. అక్కడ పడుకుని మర్నాడు సాయంత్రానికి సర్చు గుడారాలకు చేరితే 4,290 మీటర్లు. ఒక్క రోజులో 2,200 మీటర్లకు పైగా ఎక్కి అక్కడే రాత్రి గడపడమన్నమాట. సర్చులో అర్ధరాత్రి తలపోటు, వాంతులతో లేచేవాళ్లలో ఎక్కువమంది చేసిన పొరపాటు ఇదే. శ్రీనగర్ వైపు అయితే 1,585 మీటర్లలో ఒక రాత్రి, కార్గిల్‌లో 2,676లో ఇంకో రాత్రి, ఆ తర్వాత 3,500లో లేహ్. మధ్యలో 3,528 మీటర్ల జోజి లా, 4,108 మీటర్ల ఫోటు లా కనుమలు (లా అంటే కనుమ) దాటినా అక్కడ ఆగి నిద్రపోరు కాబట్టి ఇబ్బంది తక్కువ. తిరుగు ప్రయాణానికి ఒళ్లు అలవాటు పడి ఉంటుంది, అప్పుడు మనాలి దారి హాయిగా ఉంటుంది.

మీ ఊరి పక్కనుంచి పోయే 44వ జాతీయ రహదారే శ్రీనగర్ దాకా తీసుకెళ్తుంది. డిచ్‌పల్లి దగ్గర ఎక్కితే నాగపూర్, ఝాన్సీ, కర్నాల్, జమ్మూలలో నాలుగు రాత్రులు, ఐదో రాత్రి శ్రీనగర్. ఆరో రాత్రి కార్గిల్. ఏడు, ఎనిమిది, తొమ్మిది రాత్రులు లేహ్‌లో. వీటిలో ఒక్కటీ తగ్గించవద్దు.

ఇక రెండు సరస్సుల మాట. లేహ్ నుంచి పాంగాంగ్‌కు మామూలుగా వెళ్లడం, రావడం సుమారు 5,360 మీటర్ల చాంగ్ లా మీదుగా. 4,250 మీటర్ల ఒడ్డున నేరుగా పడుకోకుండా ముందు రాత్రి తాంగ్‌త్సేలో ఆగాలి. అంటే అదొక్కటే మూడు రోజులు తింటుంది. సో మోరిరి అలా కాదు, మీరు మనాలికి దిగే దారికి కలుస్తుంది. లేహ్ నుంచి సింధు నది పక్కనే ఉప్షి మీదుగా చుమాథాంగ్ వెళ్లి పదో రాత్రి అక్కడ ఉండండి. వేడినీటి బుగ్గలున్న ఊరు, ఎత్తు దాదాపు 4,000 మీటర్లు. పదకొండో రాత్రి మాహే వంతెన దాటి, సరస్సు ఒడ్డున 4,500 మీటర్ల పైనున్న కర్జోక్. పన్నెండో రోజు తెల్లవారుజామున బయల్దేరి పుగా, పోలోకోంగ్కా లా, సో కర్ మీదుగా డెబ్రింగ్ దగ్గర మనాలి రోడ్డెక్కి, పాంగ్, సర్చు, బారాలాచా లా దాటి రాత్రికి జిస్పా. ఈ యాత్రలో అన్నిటికన్నా పొడుగైన రోజు ఇదే. చీకటి పడేలా ఉంటే సర్చులో ఆగిపోండి, అప్పటికి ఆ ఎత్తు మిమ్మల్ని ఏమీ చేయదు. పదమూడో రాత్రి మనాలి, అక్కడినుంచి నాలుగు రోజులు ఇంటికి.

సరిగ్గా 17 రోజులైంది. జమ్మూ–శ్రీనగర్ దారిలోని రాంబన్ దగ్గర కొండచరియ ఒక్కటి పడితే ఈ లెక్క తప్పుతుంది. పాంగాంగ్‌ను వదిలేసినా ఇంకో రెండు రోజుల సెలవు అడగండి. పాంగాంగ్ ఫొటోలు అందరూ చూసినవే. సో మోరిరి ఒడ్డున జనం తక్కువ, పక్షులు ఎక్కువ, ఇద్దరే వెళ్లేవాళ్లకు అదే మంచి సరస్సు అని మా అభిప్రాయం.

ప్రశ్న: పిల్లలకు సెలవులు మేలోనే. అప్పుడు వెళ్లకూడదా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: జోజి లా అప్పటికి తెరిచే ఉంటుంది, లేహ్ వరకు వెళ్లొచ్చు. మే మొదట్లో ఎత్తు సరస్సుల మీద ఇంకా మంచు పలక ఉంటుంది, బారాలాచా దారి తెరుచుకోవడం కొన్నేళ్లు జూన్ దాకా సాగుతుంది. రెండు దారులూ కావాలంటే జూన్ మూడో వారం నుంచి జూలై మొదటి వారం వరకు, లేదా సెప్టెంబరు. జూలై ఆఖరు, ఆగస్టుల్లో లద్దాఖ్‌లో వాన తక్కువే అయినా హిమాచల్ వైపు కొండలు జారుతుంటాయి. లద్దాఖ్‌లోనూ వానను తేలిగ్గా తీసుకోకూడదు. 2010 ఆగస్టులో లేహ్‌ను ముంచెత్తింది ఒక్క రాత్రి కురిసిన కుండపోతే.

ప్రశ్న: మాది 1.2 లీటర్ల పెట్రోల్ చిన్న కారు, ట్యాంకు 37 లీటర్లు. ఆ కనుమలు ఎక్కుతుందా? పెట్రోల్ ఎంత పట్టుకెళ్లాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఎక్కుతుంది, నెమ్మదిగా. 5,328 మీటర్ల తంగ్‌లాంగ్ లా మీద గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో సగమే. టర్బో లేని ఇంజనుకు అందే గాలీ సగమే కాబట్టి బలమూ సగానికి పడిపోతుంది. ఎక్కుడులో ఏసీ ఆపేయండి. ఇంజను గొంతు మారకముందే గేరు తగ్గించండి, రెండులో ఈడ్చుకుంటూ పోవద్దు. హెయిర్‌పిన్ మలుపులో సగం క్లచ్ మీద కారును నిలబెట్టడం మనవాళ్లకు బాగా అలవాటు. క్లచ్ ప్లేటు కాలిన వాసన వచ్చేది అందుకే. ఆగాల్సి వస్తే హ్యాండ్ బ్రేకు వేసి ఆగండి. దిగుడులో ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే బ్రేకు ఆయిల్ మరిగి పెడల్ మెత్తబడిపోతుంది. ఇరుకు చోట ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి.

బయల్దేరే ముందు రేడియేటర్ చూపించండి. మన ఎండల్లో చాలామంది కూలెంట్ తగ్గినప్పుడల్లా మామూలు నీళ్లు కలిపేస్తారు. పాంగ్, సర్చుల్లో జూన్ రాత్రుల్లోనూ సున్నా కిందికి పోవచ్చు. నీళ్లు గడ్డకట్టి వ్యాకోచిస్తే రేడియేటరో, ఇంజను బ్లాకో పగులుతుంది. పాతదంతా దింపించి, కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం పోయించండి. టైర్ల సంగతి చిత్రంగా ఉంటుంది. పైకి వెళ్లేకొద్దీ బయటి గాలి పలచబడి గేజి రీడింగ్ పెరుగుతుంది, చలికి మళ్లీ తగ్గుతుంది. గుంటూరు ఎండలో 33 పీఎస్‌ఐ పెట్టిన టైరు లేహ్‌లో చల్లటి పొద్దున చూస్తే ఇంచుమించు అంతే ఉండొచ్చు. కాబట్టి ఊహించి గాలి తీసేయకుండా రోజూ పొద్దున, బండి కదలకముందు గేజితో చూడండి.

పెట్రోల్ లెక్క ఇలా. లేహ్ నుంచి 35 కిలోమీటర్ల దూరంలో కారు అనే ఊళ్లో బంకు ఉంది. అక్కడ ట్యాంకు నిండా కొట్టించి, కర్జోక్ చూసుకుని మనాలి వైపు దిగితే కీలాంగ్ దాటాక తాండీ బంకు వరకు సుమారు 550 కిలోమీటర్లు. మధ్యలో బంకు దొరుకుతుందని లెక్క పెట్టుకోవద్దు. ఊళ్లో లీటరుకు 15 ఇచ్చే కారుకు ఇక్కడ 11 వేసుకోండి. అంటే 50 లీటర్లు కావాలి. ట్యాంకులో 37 పోను 13, దారి మూసుకుపోయి వెనక్కి తిరగాల్సి వస్తే ఇంకో 7. మొత్తం 20 లీటర్లు, రెండు 10 లీటర్ల ఇనుప జెర్రీ క్యాన్లలో. అంచుదాకా నింపకండి, పైన నాలుగు వేళ్ల ఖాళీ ఉంచండి. ఎత్తులో బయటి గాలి ఒత్తిడి తగ్గి లోపలి ఆవిరి తోసుకొస్తుంది, మూత మెల్లగా తిప్పి ఆవిరి పోనిచ్చాకే తెరవండి. క్యాన్లు కారు లోపల పెట్టొద్దు, పైన క్యారియర్‌కు బిగించండి. లోపల పెట్రోల్ వాసనకు వచ్చే వికారానికీ ఎత్తు వల్ల వచ్చే వికారానికీ తేడా తెలియక చాలామంది కంగారు పడతారు.

ప్రశ్న: రోడ్డు మీద పారే నాలాలు దాటేటప్పుడు కారు ఆగిపోతే ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఆగాక సెల్ఫ్ కొట్టొద్దు. సిలిండరులోకి నీళ్లు చేరి ఉంటే ఆ ఒక్క ప్రయత్నానికే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. న్యూట్రల్‌లో పెట్టి బయటికి లాగించండి. అసలు ఆగకుండా ఉండాలంటే మధ్యాహ్నం లోపు దాటండి. పొద్దున పిక్కల్లోతున్న నాలా ఎండకు మంచు కరిగి సాయంత్రానికి మోకాళ్లు దాటుతుంది. ముందు లారీ పోతుంటే దాని చక్రాలు ఎంత మునిగాయో చూడండి. చిన్న కారుకు నీళ్లు చక్రం మధ్యభాగం దాటితే వేచి ఉండడమే మంచిది. మొదటి గేరు, ఒకే వేగం, మధ్యలో క్లచ్ తొక్కకూడదు, యాక్సిలరేటర్ వదలకూడదు. అవతలికి చేరాక నాలుగైదుసార్లు బ్రేకు మెల్లగా నొక్కి ఆరనివ్వండి.

ప్రశ్న: మావారికి 56 ఏళ్లు, బీపీ మందులు వాడతారు. నాకు సల్ఫా మందులు పడవు. డయామాక్స్ వేసుకోవాలంటున్నారు. ఆక్సిజన్ డబ్బాలు కొంటే సరిపోదా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: డయామాక్స్ అంటే ఎసిటజోలమైడ్, ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా వేసుకునే మందు. మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎత్తుకు ఎక్కే ముందు రోజు మొదలుపెట్టమంటారు. వేళ్ల చివర్ల తిమ్మిరి, ఎక్కువసార్లు మూత్రం రావడం దాని సహజ లక్షణాలే. ఇది సల్ఫా కుటుంబానికి చుట్టమైన మందు కాబట్టి డాక్టరుతో మాట్లాడకుండా మీరు ముట్టవద్దు. మీవారు వాడే బీపీ మాత్రల్లో నీరు పోగొట్టే మందు ఉందేమో కూడా అదే డాక్టరుకు చూపించండి. రెండూ కలిస్తే ఒంట్లో పొటాషియం తగ్గే ప్రమాదం ఉంది. బీపీ మందులు మాత్రం ఒక్క పూట కూడా మానకూడదు. నిద్రమాత్రలు, మద్యం వద్దు.

చేతిలో పట్టే ఆక్సిజన్ స్ప్రే డబ్బా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. కొంత ఊరట తప్ప అది చికిత్స కాదు. మొదటిరోజు లేహ్‌లో కొంచెం తలనొప్పి, ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం చాలామందికి ఉంటాయి. అవి తగ్గేదాకా ఇంకా పైకి వెళ్లకూడదు. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రాత్రికి 500 మీటర్లకు మించి పెంచకపోవడం డాక్టర్లు చెప్పే పద్ధతి. లేహ్‌లో మూడు రాత్రులు, చుమాథాంగ్‌లో ఒకటి అని పైన అందుకే చెప్పాం.

ప్రమాద సంకేతాలు వేరు. కూర్చున్నా ఆయాసం, దగ్గు, పెదాలు నీలంగా మారడం ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందనడానికి గుర్తు. మాట తడబాటు, తూలుడు మెదడు వాపుకు గుర్తు. ఒంట్లో బాగాలేని మనిషి ‘నాకేం కాలేదు’ అంటూనే ఉంటారు, అందుకని ఒకరినొకరు పరీక్షించుకోవాలి. నేల మీద గీత గీసి, మడమకు వేళ్లు తగిలేలా పది అడుగులు నడవమనండి. తూలితే అర్ధరాత్రయినా సరే, కిందికి దిగాల్సిందే. ఇక్కడ ఇంకో సంగతి. పాంగాంగ్ నుంచి మామూలు దారిలో లేహ్‌కు దిగాలంటే ముందు చాంగ్ లా ఎక్కాలి. కర్జోక్ నుంచైతే చిన్న కనుమ ఒకటి దాటగానే సింధు లోయలోకి దిగిపోవచ్చు. లేహ్‌లో ప్రభుత్వ ఎస్ఎన్ఎం ఆసుపత్రి ఈ జబ్బుకు బాగా అలవాటు పడిన చోటు. మీ ఇద్దరికీ డ్రైవింగ్ రావాలి. ఒక్కరికే వస్తే, ఆ ఒక్కరే పడిపోయినప్పుడు కారు ఉండీ లేనట్టే.

ప్రశ్న: మేం శాకాహారులం. కుక్కరు, చిన్న స్టవ్ పట్టుకెళ్తే అన్నం, పప్పు వండుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: కుక్కరు లేకుండా కుదరదు. కర్జోక్‌లో నీళ్లు దాదాపు 85 డిగ్రీలకే మరుగుతాయి, గిన్నెలో అన్నం ఎంతసేపు పెట్టినా పలుకు మిగులుతుంది. కుక్కరులో కూడా ఇక్కడి 120 డిగ్రీలు రావు, 113 దగ్గర ఆగుతుంది. మూడు విజిళ్ల పప్పుకు ఆరు పెట్టండి. కందిపప్పు గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టండి. అంతకంటే పెసరపప్పు తేలిక. సీల్డ్ గ్యాస్ క్యానిస్టర్ స్టవ్ అయితే రాత్రి క్యానిస్టర్‌ను దుప్పట్లో చుట్టి పెట్టుకోండి. మామూలు బ్యూటేన్ సున్నా దగ్గరికి చలి పడితే ఆవిరి కాక మంట రాదు. చలిగా ఉందని గుడారంలోనో, కారులోనో స్టవ్ వెలిగించడం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

పులిహోర పులుసు, కందిపొడి, అటుకులు పెట్టుకోండి, చాలా పూటలు గడిచిపోతాయి. ఆవకాయ సీసా మూత మాత్రం కార్గిల్‌లో ఒకసారి, లేహ్‌లో ఒకసారి వదులు చేసి బిగించండి. లేకపోతే లోపలి గాలి ఉబ్బి నూనె మూత సందుల్లోంచి బట్టల మీదికి వస్తుంది.

ప్రశ్న: ఢిల్లీలో సెల్ఫ్ డ్రైవ్ కారు అద్దెకు తీసుకోవచ్చా? ఫోన్లు పనిచేస్తాయా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: అద్దె కారు వద్దు. బయటినుంచి వచ్చిన అద్దె బండ్లను సరస్సుల దారుల్లో స్థానిక టాక్సీవాళ్లు తిరగనివ్వరు. తెల్ల నంబరు ప్లేటు, మీ పేరున ఆర్‌సీ ఉన్న కారుకు ఇబ్బంది లేదు. బయటి ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు. నెల ముందే ఒక నంబరు పోస్ట్‌పెయిడ్‌కు మార్చుకోండి. సరస్సుల వైపు వెళ్లేందుకు ఆన్‌లైన్‌లో ఫీజు కట్టి, ఆ కాగితం నాలుగు కాపీలు తీసుకోండి.

ప్రశ్న: సరస్సు అంచుదాకా కారు దింపి ఫొటో తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: దింపకండి. పాంగాంగ్‌లో కార్లు దింపినవాళ్ల మీద కేసులు పెట్టారు. సో మోరిరి 2002 నుంచి, సో కర్ చిత్తడి నేలలు 2020 నుంచి రామ్‌సర్ జాబితాలో, అంటే కాపాడాల్సిన చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితాలో ఉన్నాయి. నల్లమెడ కొంగ, లద్దాఖ్ రాష్ట్ర పక్షి, గూడు కట్టేది ఒడ్డున కనిపించే ఆ తడి గడ్డిలోనే. బైనాక్యులర్స్ తీసుకెళ్లి రోడ్డు మీదినుంచి చూడండి, డ్రోన్ వద్దు.

సో కర్ దగ్గర ఇంకో ముప్పు ఉంది. తెల్లటి ఉప్పు పొర గట్టి నేలలా కనిపిస్తుంది, కింద బురద. పొరపాటున చక్రం దిగబడితే యాక్సిలరేటర్ తొక్కకండి, తిరిగినకొద్దీ లోతుకు పోతుంది. ఇద్దరూ దిగి సామాను దించండి. టైర్లలో గాలి 18 పీఎస్‌ఐకి తగ్గించి, చక్రాల వెనక బురద తవ్వి, ఫ్లోర్ మ్యాట్లు గరుకు వైపు పైకి వచ్చేలా దూర్చండి. ఒకరు స్టీరింగ్ దగ్గర, ఒకరు పక్కకు తప్పుకుని సైగ చేస్తూ, వచ్చిన జాడలోనే రివర్స్ గేరులో మెల్లగా వెనక్కి రండి. రోడ్డెక్కాక లైటర్ సాకెట్‌కు పెట్టే కంప్రెసరుతో గాలి నింపి, అప్పుడు బయల్దేరండి.