సైనిక రికార్డుల్లో అమ్మగారి పేరు తేడా ఉంటే కుటుంబ పింఛను ఎలా?

నమస్కారమండీ. హవల్దారుగా విరమణ చేసిన మీ నాన్నగారు కాలం చేశాక, సైన్యం నుంచి విరమణప్పుడు ఇచ్చే డిశ్చార్జి బుక్కులో ‘లచ్చమ్మ’ అనీ ఆధార్‌లో ‘లక్ష్మి’ అనీ ఉండడంతో అమ్మగారి కుటుంబ పింఛను నాలుగు నెలలుగా నిలిచిపోయిందని రాశారు. చదివి చాలా బాధ కలిగింది.

ఆధార్‌లో పేరు మార్పించడానికి తొందరపడకండి; బ్యాంకు ఖాతా, పాన్ అన్నీ దానితోనే ముడిపడి ఉంటాయి. డిశ్చార్జి బుక్కు, పీపీవో (పింఛను చెల్లింపు ఉత్తర్వు), మరణ ధ్రువీకరణ పత్రం, రెండు పేర్లూ ఒకరివేనని తెలిపే అఫిడవిట్ తీసుకుని హైదరాబాద్ సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. పేరు సవరించేది నాన్నగారి రెజిమెంటు రికార్డు ఆఫీసే అయినా, దరఖాస్తును సంక్షేమాధికారి ద్వారా పంపడం మంచిదని నా అనుభవం. అఫిడవిట్‌లో నాన్నగారి సర్వీసు నంబరు తప్పక రాయించండి. ఆ ఒక్క అంకె లేనందుకే మా అమ్మ కాగితాలు మొత్తం తిరిగొచ్చాయి, పాపం ఆవిడ మళ్లీ నోటరీ మెట్లెక్కాల్సి వచ్చింది.

సవరణ జరిగాక రక్షణ శాఖ పింఛన్ల వెబ్‌సైటు స్పర్శ్‌లో అమ్మగారి వివరాలు సరిచూసుకోండి. మొదటి కొన్నేళ్లు ఎక్కువ మొత్తంలో ఇచ్చే ‘పెంచిన రేటు’ పింఛను, నాన్నగారు పోయిన నాటి నుంచి 7 ఏళ్లు లేదా ఆయన బతికుంటే 67 ఏళ్లు నిండే తేదీ, ఏది ముందైతే అంతవరకు వస్తుంది; కనుక మంజూరు పత్రంలో ఆ తేదీని చూడండి. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కింద వైద్యం కుటుంబ పింఛనుదారుగా అమ్మగారికీ వర్తిస్తుంది.

చెల్లెలు ఇంజనీరింగు మొదటి సంవత్సరమన్నారు కదా, ఇంటర్‌లో 60 శాతం దాటి ఉంటే మాజీ సైనికుల పిల్లలకిచ్చే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌కు కేంద్రీయ సైనిక బోర్డు వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేయించండి. ఎంపికైతే ఆడపిల్లలకు నెలకు 3,000 రూపాయల చొప్పున ఇస్తారు.